పల్లెలో పుట్టిన విమానము

విమానమనగానే గొప్ప కర్మాగారములు, అపారధనము మనస్సున మెదలును. నేను చెప్పబోవు విమానము ఒక కుగ్రామమున పుట్టినది.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున చెర్రీగ్రోవ్ అను పల్లె కలదు. అచ్చటి బెర్నార్డ్ పీటెన్‌పాల్ విమాననిర్మాణమును స్వయంకృషిచేతనే నేర్చెను. 1929లో ఆయన కొయ్యచట్రము కట్టి, రెక్కలకు గుడ్డ కప్పి, ఫోర్డు మోటారుకారు యింజను బిగించి ఎగిరెను. ముందు ఒకరు, వెనుక నడుపువారు, ఇరువురికే చోటు. దానికి ‘ఎయిర్ క్యాంపర్’ అని పేరు.

కారు యింజను విమానమునకు తగదని ఒక పత్రికాసంపాదకుడు వ్రాసెను. ఆ సందేహము నిరాధారము కాదు: యింజను బరువెక్కువ, బలము 40 అశ్వశక్తి మాత్రమే. అందుకే పీటెన్‌పాల్ చట్రమును తేలికపరచి, విశాలమైన రెక్కను తలపై నిలిపెను. ఆయన వాదమునకు దిగలేదు. 1930లో మిత్రునితో కలిసి రెండు విమానములను మినియాపొలిస్ నగరసమీపమునకు నడిపి సంపాదకునికి చూపెను. పిమ్మట ఆ పత్రికవారే 1932 నాటి తమ సంచికలో కొలతలతో పటములను అచ్చువేసిరి.

ఆయన 1984లో గతించెను. ఆ పటములనుబట్టి నేటికిని జనులు తమ ఇండ్లలో విమానములు కట్టుకొనుచున్నారు. ఆ పనితనమును తనలోనే దాచుకొనియున్నచో అది చెర్రీగ్రోవ్ పొలిమేర దాటియుండెడిది కాదు. పెద్దలు తమకు వచ్చిన పనిని పిల్లలకు విడమరచి చెప్పవలెనని నా మనవి.