పి.హెచ్.పి.లో షరతులు, ఫైళ్ల కూర్పు

హైదరాబాదులో ఆబిడ్స్‌నందలి జనరల్ పోస్టాఫీసు పిన్‌కోడు 500001. 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టబడిన ఈ పద్ధతిలో మొదటి అంకె మండలమును, మొదటి మూడంకెలు జాబులు వేరుచేయు జిల్లాను, చివరి మూడంకెలు బట్వాడా పోస్టాఫీసును తెలుపును. దూరప్రాంతమున జాబులు విడదీయు ఉద్యోగికి ఆబిడ్స్ వీధులతో పనిలేదు. తన వంతు నిర్ణయము చేసి ముందునకు పంపిన చాలును.

కంప్యూటరు ప్రోగ్రాములను కూర్చుటలోను సూత్ర మిదియే. 1949లో కేంబ్రిడ్జిలో పని ప్రారంభించిన ఎడ్‌శాక్ యంత్రమునకై విల్క్స్, వీలర్, గిల్ అనువారు తరచు కావలసిన లెక్కలను ఉపప్రోగ్రాములుగా వ్రాసి, కాగితపు టేపులపై భద్రపరచిరి. ఒకసారి సరిచూచినదానిని మరల వ్రాయ నక్కరలేకపోయెను.

1995లో రాస్మస్ లెర్డార్ఫ్ వెలువరించిన పి.హెచ్.పి. వెబ్ పుటలను తయారుచేయు భాష. ఇందు ఇన్‌క్లూడ్, రిక్వైర్ అను ఆజ్ఞలు ఒక ఫైలులోనికి మరొక ఫైలును తెచ్చును. ఫైలు దొరకనిచో మొదటిది హెచ్చరించి ముందుకు సాగును. రెండవది పనినే నిలిపివేయును.

నాంపల్లి స్టేషను చేరు రైలుబండి పాయింట్లయొద్ద ఒక దారినే పట్టును గదా! షరతుతో కూడిన ప్రోగ్రామును అట్లే నడువవలెను. కాని 2000లో వెలువడిన 4.0.2 కూర్పునకు పూర్వము రిక్వైర్ ఆజ్ఞ షరతును పాటించెడిది కాదు. ఆ వాక్యము అమలు కాకున్నను ఫైలును చదువ యత్నించెడిది. అందుచే షరతు ననుసరించి ఫైలు నెన్నుకొనుటకు ఇన్‌క్లూడ్ ఆజ్ఞయే తగియుండెను.

ఇంతకన్న పెద్ద ప్రమాద మొకటి కలదు. వెబ్ పుటను చూచువారు పంపిన మాటనే ఫైలు పేరుగా గ్రహించినచో, దుండగులు దూరపు కంప్యూటరులోని తమ ప్రోగ్రామును తెచ్చి నడపగలరు. 2006లో వచ్చిన 5.2 కూర్పు, ప్రత్యేకముగ అనుమతించిననే తప్ప దూరపు ఫైళ్లను చేర్చనీయలేదు. అయినను తన యంత్రములోని ఫైళ్లను కాపాడుకొను భారము ప్రోగ్రాము వ్రాయువానిదే.

దీనికి మందు సులభము. ఏ మాటకు ఏ ఫైలో ముందే పట్టిక వ్రాసి, షరతులను ఒక్క ద్వారముననే పరీక్షించి, పట్టికలో లేనిదానిని త్రోసివేయవలెను. విలాసము సరిపోని జాబును ఏ యింటనో పడవేయని తపాలావాని వివేకమే యిది.