బెజ్జాల్లేని సైకిల్‌కి క్యారియర్

మొన్న మా మాడుగుల కుర్రాడొకడు కొత్త గేర్ల సైకిల్ తెచ్చి, "వెనక క్యారియర్‌కి ఫ్రేములో బెజ్జాల్లేవు, డ్రిల్ కొట్టించేయనా?" అన్నాడు. పాల క్యాను కట్టాలట. ఆగరా బాబూ అన్నాను. మీరూ కొట్టించకండి.

మన తాతల నల్ల సైకిళ్లకి మాత్రం క్యారియర్ బెజ్జాలెక్కడివి? 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో పుట్టాయి. ఆ బళ్ల మీద పాలు, గడ్డిమోపులు, బెల్లం దిమ్మలు, వెనక ఇంకో మనిషి, అన్నీ వెళ్లాయి. కిటుకంతా వెనక ఇరుసు నట్టులో ఉంది. క్యారియర్ కాళ్లు రెండూ ఇరుసుకే తొడిగి బిగించేవారు. బరువు తిన్నగా ఇరుసు మీదకి దిగేది. సీటు కింద గొట్టాలకి వేసే పట్టీ, బోల్టు ఊగకుండా పట్టుకోడానికే.

1954లో దియన్ బియన్ ఫూ యుద్ధానికి వియత్నాం వాళ్లు ఒక్కో సైకిల్ మీద 200 కిలోల పైన కూడా మోశారు. ఎక్కి తొక్కలేదు లెండి. హ్యాండిల్‌కో వెదురు కర్ర, సీటు దగ్గరొకటి కట్టి, బస్తాలు ఫ్రేముకి వేలాడదీసి తోసుకెళ్లారు.

ఇప్పుడొచ్చే కొన్నిటికి నట్టుండదు, పిడి తిప్పితే చక్రం ఊడొస్తుంది. దానికి క్యారియర్ తగిలించొద్దు. ఇరుసుకి దగ్గరగా గొట్టానికి పాత ట్యూబు ముక్క చుట్టి, పైన క్లాంపు వేయండి. అల్యూమినియానికి డ్రిల్లూ వద్దు, వెల్డింగూ వద్దు, విరుగుతుంది.

కుర్రాడి సైకిల్‌కి అలాగే వేశాం. రెండ్రోజులకి క్లాంపు కాస్త వదులైతే మళ్లీ బిగించాం.