ఏకమార్గ రైలు టోకెన్ నుంచి కెర్నెల్ పేజీ స్థితి వరకు: ‘పోటీస్థితి’ భావన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ ఒక మెమరీ పేజీ స్థితిని చదువుతున్నప్పుడే ఆ స్థితి మారిపోతే, చదివిన వివరం ఏ క్షణంలోనూ లేని స్థితిని చూపవచ్చు. సాంకేతికరంగంలో దీన్ని రేస్ కండిషన్ అంటారు. ఈ వ్యాసంలో ‘పోటీస్థితి’ అని వ్యవహరించడమైంది. రైలు రవాణాలోని టోకెన్ పద్ధతి నేపథ్యంగా ఈ భావన వికాసాన్ని, 2016లో బయటపడిన డర్టీ కౌ దోషాన్ని, 2025 నాటి పరిష్కారాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పోటీస్థితి, సెమాఫోర్, టోకెన్, కెర్నెల్, మెమరీ పేజీ, నౌపడ–గుణుపురం రైలుమార్గం.

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లాలో పలాసకు దక్షిణంగా, హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గం మీద నౌపడ జంక్షన్ ఉంది. అక్కడ చీలిన దారి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి, అక్కడినుంచి గుణుపురానికి సాగుతుంది. పర్లాకిమిడి సంస్థానం పూనికతో 2 అడుగుల 6 అంగుళాల నారోగేజిగా నిర్మితమైన ఈ మార్గం 1900లో పర్లాకిమిడి వరకు, 1931లో గుణుపురం వరకు చేరింది. 2004లో నారోగేజి రైళ్లు ఆగిపోయాయి. బ్రాడ్‌గేజిగా మారిన మార్గం 2011లో గుణుపురం వరకు తిరిగి తెరుచుకుంది. గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరి దారిగా సాహిత్య విద్యార్థులకు ఇది పరిచితమే. ప్రస్తుత విషయానికి కావలసిన అంశం ఒక్కటే: అది ఒకే జత పట్టాలతో నిర్మితమైన దారి.

2. ఏకమార్గంలో చూడటం, కదలటం

ఒకే జత పట్టాలున్నచోట రెండు స్టేషన్ల మధ్య ఒక సమయంలో ఒక్క రైలే ఉండాలి. రెండు కొసల్లోని స్టేషన్ మాస్టర్లు ఒకే నిమిషంలో దారి వైపు చూశారనుకుందాం. ఇద్దరికీ దారి ఖాళీగానే కనిపిస్తుంది. ఇద్దరూ చూసింది నిజమే. అయినా ఆ చూపును నమ్మి ఇద్దరూ రైళ్లను వదిలితే ప్రమాదం తప్పదు. దోషం చూపులో లేదు. చూడటానికీ కదలటానికీ నడుమ ఉన్న ఎడంలో ఉంది.

ఈ ఎడాన్ని తొలగించడానికే టోకెన్ పద్ధతి వచ్చింది. టోకెన్ చేతికి అందనిదే డ్రైవరు బండిని ఆ మార్గఖండంలోకి నడపరాదు. రెండు స్టేషన్లలోని టోకెన్ యంత్రాలు విద్యుత్తు ద్వారా ముడిపడి ఉంటాయి. ఒక టోకెన్ బయటకు వచ్చాక అది తిరిగి యంత్రంలో చేరేవరకు మరొకటి వెలువడదు. దారి ఖాళీగా ఉందని తెలుసుకోవడం, ఆ దారిని స్వాధీనం చేసుకోవడం ఇక్కడ ఒకే క్రియ అయ్యాయి.

3. గణనశాస్త్రంలోకి సెమాఫోర్

ఎలక్ట్రానిక్ వలయాలలో రెండు సంకేతాలు ఒకదానితో ఒకటి పోటీపడినప్పుడు కలిగే అనిశ్చితికి ‘రేస్’ అనే మాటను డేవిడ్ హఫ్‌మన్ 1954 నాటికే వాడాడు. 1960వ దశకం తొలి సంవత్సరాలలో డచ్ శాస్త్రవేత్త ఎడ్జర్ డైక్‌స్ట్రా, ఏకకాలంలో నడిచే ప్రక్రియల సమన్వయానికి ‘సెమాఫోర్’ను ప్రతిపాదించాడు. ఆయన వాడిన డచ్ మాట సైన్‌పాల్‌కు అర్థం సంకేతస్తంభం. దాని మీద జరిగే రెండు క్రియలకు పి, వి అని పేర్లు పెట్టాడు. పి దాటుకుపోవడానికి, వి విడిచిపెట్టడానికి. ఈ రెండూ అవిభాజ్యాలు.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. రైలుమార్గంలోని సెమాఫోర్ రెక్క స్థితిని చూపుతుంది. డ్రైవరు దాన్ని చదువుతాడు, మార్చడు. డైక్‌స్ట్రా పి క్రియ మాత్రం స్థితిని చూడటంతోపాటు మార్చుతుంది కూడా. అంటే పేరు సెమాఫోర్‌ది, పని టోకెన్‌ది.

4. పేజీ స్థితిని చదవడంలోని చిక్కు

లినక్స్ కెర్నెల్ సాధారణంగా మెమరీని 4096 బైట్ల పేజీలుగా విభజిస్తుంది. 16 గిగాబైట్ల మెమరీలో ఇవి దాదాపు 42 లక్షలు. ప్రతి పేజీకి ఒక చిన్న నమోదు ఉంటుంది. ఆ పేజీలో మార్పు జరిగిందా, అది తాళంలో ఉందా, దాన్ని ఎందరు వాడుతున్నారు వంటి వివరాలు అందులో ఉంటాయి. చదివిన ప్రతిసారీ తాళం వేస్తే వ్యవస్థ వేగం కుంటుపడుతుంది. అందువల్ల చాలా సందర్భాలలో తాళం లేకుండానే చదువుతారు.

నమోదులోని గుర్తులను ముందు, వాడుకరుల లెక్కను తరువాత చదివారనుకుందాం. ఆ నడుమ మరో ప్రాసెసర్ ఆ పేజీని విడుదల చేసి వేరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు గుర్తులు పాత యజమానివి, లెక్క కొత్త యజమానిది అవుతాయి. రెండు కాలాల పాఠాలు కలిసిన ప్రతి వంటిదే ఈ ఫలితం. విడిగా చూస్తే ప్రతి అంశమూ నిజమే. కలిపి చూస్తే ఏనాడూ లేని స్థితి.

5. డర్టీ కౌ: పదకొండేళ్ల పాఠం

ఇటువంటి ఎడం ఎంత ప్రమాదకరమో 2016 అక్టోబరులో తేలింది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలు పేజీలో ఒక ప్రోగ్రాము రాయబోతే, కెర్నెల్ ఆ పేజీకి సొంత నకలు తయారుచేసి రాతను ఆ నకలుకు మళ్లిస్తుంది. ఇది రెండంచెల పని. మొదట నకలు సిద్ధమవుతుంది. తరువాత కెర్నెల్ పేజీని మళ్లీ వెతికి అందులో రాస్తుంది. నకలు సిద్ధమైంది గనుక రెండోసారి వెతికేటప్పుడు రాత అనుమతిని తనిఖీ చేయదు. సరిగ్గా ఆ నడుమ అదే ప్రోగ్రాములోని మరో శాఖ నకలును పారేయమంటే, రెండోసారి కెర్నెల్‌కు దొరికేది అసలు పేజీ. రాత నేరుగా అసలులో పడుతుంది. ఆ విధంగా సామాన్య వాడుకరి సర్వాధికారి కాగలిగాడు.

2007 నాటి 2.6.22 కూర్పు నుంచి ఈ దోషం ఉంది. లినక్స్ కెర్నెల్ మీద ఆధారపడిన ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఇది వర్తించింది. పదకొండేళ్ల కిందట తానే దీన్ని సరిచేయబోయి సరిగా చేయలేకపోయానని, వేరొక యంత్రరకంలో ఇబ్బందులు రావడంతో ఆ మార్పును వెనక్కు తీసుకున్నారని లినస్ టోర్వాల్డ్స్ 2016 సవరణ వివరణలో నమోదు చేశాడు. కొత్త సవరణలో రాత కోరికను మరుగుపరచకుండా నిలిపి, నకలు ఇంకా ఉందా లేదా అని రెండోసారి పరీక్షించే ఏర్పాటు చేశారు.

6. నమ్మదగిన నకలు

పేజీ గుర్తులను బయటికి చూపే కెపేజ్‌ఫ్లాగ్స్ ఫైలు 2008 నుంచి కెర్నెల్‌లో ఉంది. తాళం లేని పఠనంలోని చిక్కు దీన్నీ బాధించింది. 2025లో చేరిన స్నాప్‌షాట్ పేజ్ అనే ప్రమేయం వేరొక మార్గాన్ని అనుసరించింది. ముందు నమోదును తన వద్దకు నకలు చేసుకుంటుంది. ఆ నకలులోని అంశాలు ఒకదానికొకటి పొసగుతున్నాయో లేదో చూస్తుంది. పొసగకపోతే పరిమితంగా కొన్నిసార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది. అప్పటికీ కుదరకపోతే ‘విశ్వసనీయం’ అనే గుర్తు వేయకుండానే నకలును అందిస్తుంది. గుర్తు ఉన్నప్పటికీ అది గడిచిన క్షణపు స్థితే.

7. ముగింపు

1. పోటీస్థితిలో ప్రతి పఠనమూ విడిగా సత్యమే కావచ్చు. దాని ఆధారంగా తీసుకున్న నిర్ణయం అసత్యమవుతుంది.
2. పరిష్కారాలు రెండు తెరగులు: టోకెన్ వలె చూడటాన్నీ స్వాధీనాన్నీ ఒకటి చేయడం, అది సాధ్యం కానిచోట చదివినదాన్ని తిరిగి సరిచూడటం.
3. మొదటి తెరగు ఏకమార్గ రైలు నిర్వహణలో ముందే రూపుదిద్దుకుంది. గణనశాస్త్రం దాన్ని సంకేతస్తంభం పేరుతో స్వీకరించింది.
4. రెండో తెరగులో పాఠపరిష్కర్తకు తెలిసిన నియమమే ఉంది: ప్రతిని అందించేటప్పుడు దాని విశ్వసనీయత ఎంతో కూడా చెప్పాలి. డర్టీ కౌ దోషంలో కెర్నెల్ ‘నకలు సిద్ధమైంది’ అన్న పాత వాక్యాన్ని తిరిగి పరీక్షించకుండా నమ్మింది. దాని మూల్యాన్ని తొమ్మిదేళ్లపాటు కోట్లాది యంత్రాలు మోశాయి.