చోర్లీవుడ్ బ్రెడ్డు కథ

1960ల తొలినాళ్లలో ఇంగ్లండులోని మామూలు కుటుంబానికి బ్రెడ్డు లేకుండా రోజు గడిచేది కాదు. పొద్దున టోస్టు. బడికీ పనికీ డబ్బాలో సాండ్‌విచ్‌లు. సాయంత్రం టీతో పాటు మార్జరీనూ జామూ రాసిన ముక్కలు. ఏమీ వండే ఓపిక లేని రోజున టోస్టు మీద బేక్‌డ్ బీన్స్. చాలా ఇళ్లలో ఇంకా ఫ్రిజ్ లేదు. మైనపు కాగితం చుట్టి వచ్చిన ముక్కల బ్రెడ్డు రెండు మూడు రోజులు మెత్తగా ఉంటే ఇల్లాలికి అదే పెద్ద ఊరట.

సరిగ్గా ఆ బ్రెడ్డును మార్చేసిన పద్ధతి 1961లో, లండన్‌కు వాయవ్యాన హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని చోర్లీవుడ్ అనే ఊళ్లో పుట్టింది. అక్కడ బ్రిటిష్ బేకరీల పరిశోధన సంఘం ఉండేది. దాని శాస్త్రవేత్తలను వేధించిన చిక్కు గోధుమలది. చలి, తేమ ఎక్కువగా ఉండే ఆ నేలలో పండే గోధుమల్లో మాంసకృత్తులు తక్కువ. ఆ పిండికి సాగే గుణం చాలదు, రొట్టె బాగా పొంగదు. అందుకే కెనడా నుంచి ఖరీదైన గట్టి గోధుమలు తెప్పించుకునేవారు. దానికి తోడు పెద్ద ఫ్యాక్టరీల పోటీకి వీధి బేకరీలు నిలవలేకపోతున్నాయి. వాటికి ఓ దారి చూపించాలన్నది కూడా ఈ పరిశోధన ఉద్దేశమే.

పాత పద్ధతిలో పిండి కలిపి ఈస్టు వేశాక మూడు గంటల దాకా వదిలేసేవారు. మనం ఇడ్లీ పిండిని రాత్రంతా పులియనిచ్చినట్టే. పిండికి సాగుడు, రొట్టెకు రుచి ఆ వ్యవధిలోనే వచ్చేవి. చోర్లీవుడ్ వాళ్లు ఆ సాగుడును యంత్రంతో రప్పించారు. ఎంతసేపు కలిపామన్నది కాదు, పిండిలోకి ఎంత శక్తి ఎక్కించామన్నది ముఖ్యమని కనిపెట్టారు. కిలో పిండి ముద్దకు 11 వాట్-అవర్లు, అదీ రెండు నుంచి ఐదు నిమిషాల్లోపు! నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే. అంత జోరుగా తిప్పితే ముద్ద వేడెక్కిపోతుంది, కాబట్టి చల్లటి నీళ్లు పోసి కలపాలి. ఈస్టు మోతాదు పెంచారు. పిండికి బలమివ్వడానికి ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే మన ఉసిరికాయలో ఉండే విటమిన్ సి, చిటికెడు కలిపారు. ఓవెన్‌లో గాలి బుడగలు చెదిరిపోకుండా కాస్త గట్టి కొవ్వు చేర్చారు.

దాంతో స్వదేశీ గోధుమలకు గిరాకీ వచ్చింది. పిండి నుంచి ముక్కలు కోసి ప్యాక్ చేసేదాకా మొత్తం పని సుమారు మూడున్నర గంటల్లో ముగిసింది. బ్రెడ్డు చవకైంది, మెత్తబడింది, ఎక్కువ రోజులు నిలిచింది. పిల్లల డబ్బాలు నింపే తల్లికి ఇది నిజమైన మేలు, దాన్ని తక్కువ చేయకూడదు.

కానీ ఆ పద్ధతి వల్ల ఎక్కువ లాభపడింది పెద్ద ఫ్యాక్టరీలే. భారీ మిక్సర్లు కొనగలిగింది వాళ్లే మరి. వీధి బేకరీలు వేలల్లో మూతబడ్డాయి. నిదానంగా పులిస్తే వచ్చే రుచి కూడా ఆ గంటలతో పాటే పోయింది. అది చిన్న నష్టమేమీ కాదని నా గట్టి అభిప్రాయం. ఇటీవలి కాలంలోనూ బ్రిటన్‌లో తయారయ్యే బ్రెడ్డులో దాదాపు 80 శాతం ఈ పద్ధతిదే.