దాచుకోవడానికి మనకేముంది? నిఘా మీద మనవాళ్ళ పోరాటం



2023 మార్చి 1 నుంచి తిరుమలలో ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాలు పనిలోకి వచ్చాయి. వైకుంఠం క్యూ కాంప్లెక్స్-2లోనూ గదుల కేటాయింపులోనూ ప్రయోగాత్మకంగా మొదలుపెడుతున్నామని టీటీడీ ప్రకటించింది. దళారుల బెడద తగ్గుతుంది, ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ టోకెన్లు తీసుకోవడం ఆగుతుంది అన్నది వాళ్ళు చెప్పిన కారణం. ఆ కారణం అబద్ధమని నేననను. దళారుల చేతిలో మోసపోయేది ఎక్కువగా మనవాళ్ళే. కానీ ఆ వార్త చదవగానే నాకు గుర్తొచ్చింది మాత్రం దాదాపు వందేళ్ళ నాటి ఒక కేసు.

1920ల నడుమ, కొండ కింద తిరుచానూరు గుడిలోకి ఒక దళిత భక్తుడు వెళ్ళాడు. గుడిని అపవిత్రం చేశాడని కేసు పెట్టారు. కింది కోర్టు శిక్ష వేసింది. అప్పటికి సహాయ నిరాకరణలో భాగంగా కోర్టులు వదిలేసిన రాజగోపాలాచారి, ఈ ఒక్క మనిషి కోసం చిత్తూరు కోర్టుకు వచ్చి అప్పీలు వాదించాడు. శిక్ష రద్దయింది. ఆ భక్తుడు చేసిన నేరం దొంగతనం కాదు, దర్శనం.

ఆ రోజుల్లో గుడి ముందు కెమెరా లేదు. ఊరే ఆ పని చేసేది. ఎవరి కొడుకువి, ఏ వీధి, ఏ పల్లె అని అడిగి మనిషిని గుర్తుపట్టేది. గుర్తుపట్టడం అంటే కులాన్ని గుర్తుపట్టడమే. అందుకే నిఘా చరిత్రను ఇంటర్నెట్‌తో మొదలుపెట్టడం నాకు ఒప్పుదల కాదు. మన చరిత్రలో అది చాలా ముందు నుంచీ ఉంది.

క్లాసులో ఈ మాట ఎత్తితే ఒక అబ్బాయి లేచి, "దాచుకోవడానికి మన దగ్గర ఏముంది సార్? రేషన్ కార్డు, మేకలు, అప్పులు. చూస్తే చూడనీండి" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ ప్రశ్నకు జవాబు బాకీ పడ్డాను. ఈ భాగం ఆ బాకీ తీర్చడానికే.

మొదట అంబేద్కర్ దగ్గరికి పోదాం. 1947 మార్చిలో ఆయన రాజ్యాంగ సభ కోసం 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' అనే పత్రం రాశాడు. మనిషినీ, ఇంటినీ, కాగితాలనూ, సొత్తునూ సరైన కారణం, వారంటు లేకుండా సోదా చేయకూడదని అందులో ఒక ప్రాథమిక హక్కు ఉంది. సబ్ కమిటీలో కె.ఎం. మున్షీ కూడా అలాంటిదే ప్రతిపాదించాడు. నేర విచారణకు అడ్డమొస్తుందని అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, బి.ఎన్. రావు అభ్యంతరం చెప్పారు. ఆ హక్కు తుది రాజ్యాంగంలోకి రాలేదు. అల్లాడి మన నెల్లూరు జిల్లా వాడే. ఇంట్లో దాచుకోవడానికి బంగారం లేని జాతి నుంచి వచ్చిన మనిషి ఆ హక్కు ఎందుకు అడిగాడు? ఎవరి గుడిసె తలుపు ఎప్పుడైనా తన్నవచ్చో ఆయనకు తెలుసు కాబట్టి.

ఇంకొంచెం వెనక్కి పోదాం. బ్రిటిష్ వాళ్ళు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911లో దాన్ని సవరించి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. మన ఎరుకల వాళ్ళను నేరస్థ జాతిగా ప్రకటించారు. పుట్టుకతోనే పేరు రిజిస్టరులో. వేలిముద్రలు తీసుకోవచ్చు. పోలీసుల ముందు హాజరు పలకాలి. ఊరు దాటితే చెప్పి పోవాలి. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అట్లా పుట్టినవే. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. వేలిముద్రల రిజిస్టరు ఈ దేశంలో మొదట మోసిన వాళ్ళలో మనవాళ్ళున్నారు. ఏ తప్పూ చేయకుండానే మోశారు. అప్పుడు కూడా 'తప్పు చేయనివాడికి భయమెందుకు' అనే అన్నారు.

ఇప్పుడు ఆధార్. మొదటి ఆధార్ సంఖ్య ఇచ్చింది 2010 సెప్టెంబరు 29న, మహారాష్ట్రలోని టెంభ్లీ అనే ఆదివాసీ గ్రామంలో. పేదలకు గుర్తింపు లేదు, గుర్తింపు ఇస్తున్నాం అన్నారు. 2012లో కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జి కె.ఎస్. పుట్టస్వామి సుప్రీంకోర్టుకు పోయాడు. ఆయన పేరు అందరికీ తెలుసు. 2013లో అదే కోర్టుకు పోయిన మరో పేరు మన పిల్లలకు పెద్దగా తెలియదు: బెజవాడ విల్సన్. రిటైర్డు మేజర్ జనరల్ ఎస్.జి. వొంబట్కెరెతో కలిసి ఆయన పిటిషన్ వేశాడు.

విల్సన్ పుట్టింది కోలార్ బంగారు గనుల్లో, మన కుప్పానికి పక్కనే. తెలుగు కుటుంబం. ఇంట్లో వాళ్ళు గని కాలనీల్లో చేతులతో మలం ఎత్తే పని చేశారు. ఆంధ్రలో ఎస్సీ హాస్టల్‌లో ఉండి చదువుకున్నాడు. ఆ పనిని అంతం చేయడానికి సఫాయి కర్మచారి ఆందోళన్ కట్టాడు. అధికారులు 'మా దగ్గర పొడి మరుగుదొడ్లు లేవు' అని కాగితం రాసిస్తే, ఆ సంస్థ కార్యకర్తలు ఊరూరా తిరిగి లెక్కపెట్టి, ఫొటోలు తీసి 2003లో సుప్రీంకోర్టు ముందు పెట్టారు. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన వారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున ఇవ్వమని కోర్టు చెప్పింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ మనిషే ఆధార్ మీద కూడా కేసు వేశాడు. ఎందుకు? నేను అర్థం చేసుకున్నది ఇది: తలమీద మలం మోసే మనిషి ప్రభుత్వానికి కనబడలేదు. ఆ మనిషి వేలిముద్ర, కనుపాప మాత్రం ప్రభుత్వానికి కావాలి. మన బాధ లెక్కలోకి రాదు, మన ఒళ్ళు లెక్కలోకి వస్తుంది. పైగా ఆ పని వదిలేసి కొత్త బతుకు వెతుక్కునే మనిషికి, పాత పని గుర్తు ఒక సంఖ్యకు అతుక్కుని వెంట రావడం ఎంత బరువో విల్సన్‌కు వేరే చెప్పాలా?

2013 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆధార్ లేదని ఎవరికీ నష్టం జరగకూడదని. అయినా ఒక్కో పథకానికీ దాన్ని ముడిపెడుతూ పోయారు. 2017లో మధ్యాహ్న భోజనం దగ్గర నుంచి వెట్టి నుంచి విముక్తులైన వాళ్ళ పునరావాసం దాకా అడగడం మొదలుపెడితే, బాలల హక్కుల కోసం జీవితమంతా పనిచేసిన మన శాంతా సిన్హా, కళ్యాణీ మీనన్ సేన్‌తో కలిసి మళ్ళీ కోర్టుకు పోయింది.

విచారణలో ప్రభుత్వం గోప్యత ప్రాథమిక హక్కే కాదని వాదించింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిలు ఏకగ్రీవంగా అది ప్రాథమిక హక్కేనన్నారు. పేదవాడికి తిండి చాలు, పౌర హక్కులు అక్కర్లేదనే వాదనను ఆ తీర్పు గట్టిగా తోసిపుచ్చింది. మా క్లాసు అబ్బాయి ప్రశ్నకు కోర్టు జవాబు అది.

కానీ పూర్తి విజయం రాలేదు. 2018 సెప్టెంబరు 26న ఐదుగురిలో నలుగురు ఆధార్‌ను నిలబెట్టారు. జస్టిస్ చంద్రచూడ్ ఒక్కడే మొత్తం చట్టం రాజ్యాంగ విరుద్ధమన్నాడు. ప్రైవేటు కంపెనీలు ఆధార్ అడగడానికి వీలిచ్చిన భాగాన్ని కొట్టేశారు. బడిలో చేరడానికి, నీట్, యూజీసీ, సీబీఎస్ఈ పరీక్షలకు తప్పనిసరి చేయకూడదన్నారు. రేషన్, పింఛను మాత్రం దానికే ముడిపడి ఉన్నాయి. చెనక్కాయలు పెరికి, బండలు కొట్టి గీతలు అరిగిపోయిన వేళ్ళతో మన అమ్మలు మిషన్ ముందు మళ్ళీ మళ్ళీ వేలు తుడుచుకునే దృశ్యం మీ అందరికీ తెలిసిందే.

మరి ఆ సమాచారమైనా భద్రంగా ఉందా? 2017 మే నెలలో అంబర్ సిన్హా, మన తెలుగువాడు శ్రీనివాస్ కొడాలి కలిసి ఒక నివేదిక రాశారు. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు బయటపడి ఉన్నాయని లెక్కగట్టారు. ఆ నాలుగింటిలో రెండు మన ఆంధ్రవి: ఉపాధి హామీ చెల్లింపులు, చంద్రన్న బీమా. కూలీలు, అసంఘటిత కార్మికుల వివరాలే అవన్నీ. 2018 ఏప్రిల్‌లో కొడాలి ఇంకొకటి బయటపెట్టాడు. ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు వివరాలు కనబడుతున్నాయి. అంతేకాదు, కులాన్ని బట్టి, మతాన్ని బట్టి వాళ్ళను వెతకొచ్చు. దాని అర్థం ఆలోచించండి. ఒక ఊళ్ళో మాల మాదిగల ఇళ్ళెక్కడ, ముస్లింల ఇళ్ళెక్కడ అని ఎవరైనా కూర్చున్నచోటి నుంచి తీయొచ్చు. దాచుకోవడానికి మనకేముంది అంటే, ఇదిగో, ఇది ఉంది.

హైదరాబాద్‌లో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను 2021 లాక్‌డౌన్‌లో పోలీసులు రోడ్డు మీద ఆపి, మాస్కు తీయమని ఫొటో తీశారు. ఆయన ఊరుకోలేదు. ఏ చట్టం కింద తీశారని నోటీసు ఇచ్చాడు. ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో హైకోర్టులో పిల్ వేశాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఒక్క మనిషి అడిగిన ఒక్క ప్రశ్న అది: ఏ చట్టం కింద?

చూపు ఎప్పుడూ పైనుంచి కిందికే ఉండాలని లేదు. 2020 మే 16న విశాఖలో దళిత డాక్టర్ సుధాకర్‌ను చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టి పోలీసులు ఈడ్చారు. మాస్కులు లేవని అన్నందుకు అంతకుముందే సస్పెండైన మనిషి ఆయన. జనం ఫోన్లలో తీసిన వీడియో లేకపోతే హైకోర్టు కేసు తీసుకునేదా, సీబీఐ విచారణకు ఆదేశించేదా? అందుకే ఇంటర్నెట్ స్వేచ్ఛ మనకు విలాసం కాదు, సాక్ష్యం. 2015లో లక్షలమంది ట్రాయ్‌కు మెయిళ్ళు రాసి, 2016 ఫిబ్రవరి 8న ఫేస్‌బుక్ 'ఫ్రీ బేసిక్స్'ను ఆపించింది కూడా ఇందుకే. పేదవాడికి సగం ఇంటర్నెట్ చాలనడం, మాకు వేరే గ్లాసు పెట్టడం లాంటిదే.

చివరిగా ఒక జాగ్రత్త. ఇప్పుడు ప్రభుత్వమే గోప్యత పేరు ఎత్తుతోంది. 2023 డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చేసింది. వ్యక్తిగత సమాచారమంటే ఇవ్వనక్కర్లేదు. ప్రజా ప్రయోజనం కోసం ఇవ్వవచ్చన్న 8(2) ఉంది గానీ, ఆ నిర్ణయం అధికారి చేతిలోనే. ఉపాధి హామీ మస్టర్లు బహిరంగంగా చదివి దొంగ పేర్లు పట్టుకునే సామాజిక తనిఖీని రాష్ట్రమంతటా నడిపి దేశానికి దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఆ మస్టరులో కాంట్రాక్టరు పేరు కూడా 'వ్యక్తిగతం' అంటే మనం ఏం చేయాలి? గోప్యత మనిషికి, పారదర్శకత ప్రభుత్వానికి. ఇది తలకిందులు కానివ్వకూడదు.

విద్యార్థి మిత్రులకు మూడు పనులు. ఒకటి, కాలేజీలోగానీ ఆఫీసులోగానీ వేలిముద్రో ముఖమో అడిగితే ఏ జీవో, ఏ చట్టం కింద అని రాతపూర్వకంగా అడగండి. రెండు, ఆధార్ జిరాక్సు ఇవ్వాల్సి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, బయోమెట్రిక్ లాక్ చేసుకోవడం మీ ఇంట్లో వాళ్ళకు నేర్పండి. మూడు, మీ ఊళ్ళో వేలిముద్ర పడక రేషన్ ఆగిన వాళ్ళ పేర్లు, తేదీలు, వాళ్ళ అనుమతితో రాసి పెట్టండి. విల్సన్ వాళ్ళు గెలిచింది లెక్కపెట్టడం వల్లే.

వచ్చే భాగంలో స్టువర్టుపురం గురించి వివరంగా మాట్లాడుకుందాం.

జై భీమ్.