కుక్క ఎందుకు దూకలేదు?

మా పిన్ని ఒకావిడ నా చిన్నతనంలో, ఒక వేసవిలో మంచం పట్టింది. జ్వరం లేదు, నొప్పి లేదు. డాక్టరుగారు వచ్చి నాడి చూసి "ఏమీ లేదమ్మా, నీరసం. టానిక్కు రాస్తాను" అన్నారు. ఆ "ఏమీ లేదు" అన్నమాటే పిన్ని ప్రాణానికి వచ్చింది. "ఏమీ లేనిదానికి ఈ పడక ఎందుకూ?" అని వాళ్ళ అత్తగారు. "లేచి నాలుగు పనులు చేసుకుంటే దిగులు అదే పోతుంది" అని తోడికోడలు. "తలుపు బార్లా తీసే ఉందిగా, గుడికైనా వెళ్ళి రావచ్చుగా" అని బాబాయి. నిజమే, తలుపు తీసే ఉంది. పిన్ని మాత్రం లేవలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, అమెరికాలో కుక్కల మీద చేసిన ఒక ప్రయోగం గురించి చదువుతుంటే ఆ తీసి ఉన్న తలుపు గుర్తుకొచ్చింది. ఆ కథే ఇప్పుడు చెప్పబోతున్నాను. కాస్త మనసు కలుక్కుమంటుంది, ఓర్చుకోండి.

కుక్కకు దిగులేమిటి, ఎలుకకు విచారమేమిటి అని మీరు నవ్వచ్చు. అసలు దిగులుకు మందు దొరికింది జంతువుల వల్ల కాదు, మనుషుల దగ్గరే, అదీ అనుకోకుండా. 1952లో న్యూయార్క్ స్టాటెన్ ఐలండ్‌లోని సీ వ్యూ ఆస్పత్రిలో క్షయ రోగులకు ఐప్రోనయజిడ్ అనే కొత్త మందు ఇచ్చి చూశారు. నీరసంగా పడివున్న రోగులు హుషారుగా లేచి తిరగసాగారు. తర్వాత 1956లో స్విట్జర్లండ్‌లో రోలండ్ కూన్ అనే డాక్టరు, వేరే మానసిక వ్యాధి కోసం తయారైన ఇమిప్రమీన్‌ను దిగులు రోగులకు ఇచ్చి చూస్తే, వాళ్ళు తేరుకున్నారు. రెండూ అదృష్టం కొద్దీ దొరికినవే. అదృష్టం రోజూ తలుపు తట్టదు కదా! ఇంకా మంచి మందులు వెతకాలంటే ముందు జంతువుల మీద పరీక్షించాలి. దానికి దిగులు పడిన జంతువు కావాలి. ఎక్కణ్ణించి తెస్తారు?

అది కూడా వెతక్కుండానే దొరికింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ సాలమన్ అనే ఆచార్యుడి ప్రయోగశాలలో కుక్కలకు భయం ఎలా అలవాటవుతుందో పరిశీలిస్తున్నారు. ముందు కదలకుండా కట్టి కరెంటు షాకులు ఇచ్చిన కుక్కలను, తర్వాత తప్పించుకునే వీలున్న పెట్టెలో పెడితే, అవి తప్పించుకోకుండా పడుకుంటున్నాయి. ప్రయోగం పాడయిందని తల పట్టుకోవలసిన చోట, మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు కుర్ర విద్యార్థులు, అసలు చూడవలసింది దీన్నే అనుకున్నారు.

1967లో వాళ్ళు చేసిన ప్రయోగం ఇదీ. కుక్కలను మూడు జట్లు చేశారు. మొదటి జట్టు కుక్కలకు షాకు తగిలినప్పుడు పక్కనున్న పలకను తలతో నొక్కితే అది ఆగిపోతుంది. రెండో జట్టుకు సరిగ్గా అంతే షాకు, అంతేసేపు. కాని పలక నొక్కినా ఆగదు. మొదటి జట్టు కుక్క ఆపితేనే దీనికీ ఆగుతుంది. మూడో జట్టుకు ఏమీ లేదు. మర్నాడు అన్నిటినీ ఒక్కొక్కటిగా ఒక పెట్టెలో వదిలారు. మధ్యలో కుక్క భుజాలంత ఎత్తున అడ్డుచెక్క. దీపం మందగించిన పది సెకన్లకు కింద షాకు మొదలవుతుంది. అటువైపు దూకితే హాయి.

మొదటి జట్టూ మూడో జట్టూ త్వరలోనే దూకడం నేర్చుకున్నాయి. రెండో జట్టులో చాలా కుక్కలు కాసేపు అటూ ఇటూ పరుగెత్తి, ఆ తర్వాత పడుకుని మూలుగుతూ ఉండిపోయాయి. నాలుగైదేళ్ళలో ఇలా చూసిన సుమారు 150 కుక్కలలో మూడింట రెండు వంతులు దూకలేదట. గమనించారా? మొదటి జట్టూ రెండో జట్టూ పడ్డ బాధ ఒక్కటే. తేడా అల్లా, ఒకదాని ప్రయత్నానికి ఫలితం ఉంది, రెండోదానికి లేదు. కష్టం కుంగదీయలేదు, "నేనేం చేసినా ఒకటే" అన్న అనుభవం కుంగదీసింది. దానికి వాళ్ళు 'నేర్చుకున్న నిస్సహాయత' అని పేరు పెట్టారు. ఇంకో సంగతి. మొదటే తప్పించుకోవడం నేర్చిన కుక్కలకు తర్వాత ఎంత ఆగని షాకు ఇచ్చినా ఈ నిస్సహాయత అంటలేదు. మశూచికి టీకాలాంటిదన్నమాట.

మరి పడుకున్న కుక్కకు మందేమిటి? 1968లో అదీ చూశారు. అడ్డుచెక్క తీసేశారు. అటువైపు నుంచి పిలిచారు. తిండి పెట్టి ఆశ చూపించారు. ఊహూ, లేవలేదు. చివరికి మెడకు పొడుగాటి తాడు కట్టి అటువైపు లాగారు. ఒకటి రెండుసార్లు కాదు, పదులసార్లు. మొదట్లో బలంగా ఈడ్వవలసి వచ్చింది. పోనుపోను కొద్దిగా లాగితే చాలు, కదిలేవి. చివరికి తాడుతో పని లేకుండా వాటంతటవే దాటాయి.

కుక్కలంటే ఇష్టమున్న సెలిగ్మన్, ఆ ప్రయోగాలు తన మనసునూ బాధించాయని తర్వాత రాసుకున్నాడు. కుక్కల వంతు అక్కడికి అయింది. ఎలుకల వంతు వచ్చింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నట్లు, 1977లో ఫ్రాన్సులో రోజర్ పోర్సోల్ట్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకను నిలువు గాజుపాత్రలో నీళ్ళలో వదిలాడు. బయటికి దారి లేదు. కాసేపు గింజుకుని, తర్వాత ముక్కు మాత్రం పైకి పెట్టి తేలుతూ ఊరుకుంది. ఆ ఊరుకోవడాన్ని 'నిరాశ' అన్నాడు. ఇమిప్రమీన్ వంటి మందులు ఇస్తే ఎలుకలు ఇంకాసేపు గింజుకున్నాయి. ఇంకేం, పరీక్ష చవక, ఫలితం రెండు రోజుల్లో! కొత్త మందులు చూడడానికి ప్రపంచమంతా ఎలుకలను నీళ్ళలో వదిలారు.

కాని ఈత వచ్చినవాడు చెరువులో వెల్లకిలా తేలితే నిరాశ అంటామా? ఎలుక ఓపిక మిగుల్చుకుంటోందేమో, తెలివితేటలేమో అని ఆక్షేపించినవాళ్ళున్నారు. పైగా మనుషులకు ఆ మందులు పట్టడానికి వారాలు కావాలి, ఎలుకలో ఒక్కరోజుకే గుణం కనిపించిందంటే చూస్తున్నది అదేనా? ఈ అనుమానాల వల్లా, జీవకారుణ్యం వల్లా ఇటీవల కొన్ని పెద్ద మందుల కంపెనీలు ఈ పరీక్ష మానుకున్నాయి. ఎలుక నోరులేనిది. దాని ఊరుకోవడానికి అర్థం మనం చెప్పవలసిందే.

అసలు మలుపు 2016లో వచ్చింది. యాభై ఏళ్ళ తర్వాత మేయర్, సెలిగ్మన్ మళ్ళీ కలిసి, "మేము తిరగేసి చెప్పాం" అన్న అర్థం వచ్చేలా ఒక వ్యాసం రాశారు. మేయర్ ఎన్నో ఏళ్ళు ఎలుకల మెదళ్ళు పరిశీలించాడు. ఎడతెగని బాధలో చతికిలబడడం నేర్చుకునేది కాదట, అది పుట్టుకతో ఉన్నదే. మెదడు అడుగున ఒక చిన్న కణాల గుంపు ఆ పని చేస్తుంది. నేర్చుకునేది రెండోది: "నా ప్రయత్నంతో ఇది ఆగుతుంది" అన్న ఎరుక. ఆ ఎరుక కలిగినప్పుడు నుదుటి వెనకున్న మెదడు భాగం కింది గుంపును ఊరుకోమంటుంది. అంటే, పడుకున్నవాళ్ళు కొత్తగా ఏ తప్పూ నేర్చుకోలేదు. లేవడం నేర్చుకునే అవకాశమే వాళ్ళకు రాలేదు.

ఇక మా పిన్ని సంగతి. కుక్కతో పోల్చానని కోప్పడకండి, మనిషి దిగులు అంతకన్నా చిక్కైనది. డాక్టరూ మందూ కావలసినచోట తప్పకుండా కావాలి. ఆ వేసవి చివర మా దొడ్డమ్మ వచ్చింది. "లేవవే" అనలేదు. పక్కన కూర్చుని "ఏం జరిగిందమ్మా?" అని అడిగింది. అన్నాళ్ళలో ఆ మాట అడిగింది ఆవిడొక్కతే. తర్వాత చెయ్యి పట్టుకుని మొదటిరోజు పెరట్లో నూతి దాకా, మర్నాడు వీధి అరుగు దాకా నడిపించింది. వారం తిరక్కుండా తనతో వాళ్ళ ఊరు తీసుకుపోయి మూడు నెలలు ఉంచుకుంది.

ఆ కుక్కలు చివరికి దాటాయంటే తాడు ఒక్కటే కారణం కాదు. అటువైపు నిజంగానే షాకు లేదు. దొడ్డమ్మకు ఈ ప్రయోగాలేవీ తెలియవు. అయినా పిన్నిని ముందు అటువైపుకు చేర్చింది.