ఉమ్మడి సర్వర్లు, చందనవెల్లి

ఒకే కంప్యూటర్‌లో ఒక నెట్‌వర్క్ అప్లికేషన్‌ను, ఒకదాని డేటా మరొకదానికి అందకుండా, పలు కాపీలుగా నడిపే విధానం ఉమ్మడి సర్వర్ నిర్వహణ. రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలంలోని చందనవెల్లి చేవెళ్ల నియోజకవర్గానికి చెందిన ఊరు. ఈ విధానంపైనే ఆధారపడే అమెజాన్ వెబ్ సర్వీసెస్ డేటా సెంటర్ల క్యాంపస్‌లలో ఒకటి ఇక్కడ ఉంది.

ఒక యంత్రాన్ని పలువురు పంచుకోవడం 1961లో ఎం.ఐ.టి.లో ప్రదర్శించిన సీటీఎస్ఎస్ అనే వ్యవస్థతో రూపుదిద్దుకుంది. 1967లో ఐబీఎం ఇంజనీర్లు సీపీ-40తో ఒకే యంత్రంలో పలు వర్చువల్ యంత్రాలు నడిపారు. 1972లో ఈ పద్ధతి వీఎం/370 పేరుతో మార్కెట్‌కు వచ్చింది. 1979 నాటి యూనిక్స్‌లో ‘క్రూట్’ అనే ఆదేశం వచ్చాక ఒక ప్రోగ్రామ్‌కు కనబడే ఫైళ్లను ఒక్క డైరెక్టరీకే పరిమితం చేయడం వీలైంది.

వెబ్ వచ్చాక చిక్కు పోర్టు దగ్గర, అంటే ప్రోగ్రామ్‌కు అభ్యర్థనలు చేరే ద్వారం సంఖ్య దగ్గర, మొదలైంది. ఒక ఐపీ అడ్రస్‌లో 80వ పోర్టును ఒక ప్రోగ్రామ్ పట్టుకుంటే, అదే పోర్టు అడిగిన రెండో కాపీ ‘ఈ అడ్రస్ ఇప్పటికే వాడుకలో ఉంది’ అనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అందుకే నిర్వాహకులు ఒక కాపీకి 8080, మరోదానికి 8081 ఇచ్చి, ముందు, వచ్చిన అభ్యర్థనను సరైన కాపీకి పంపే ఒక రివర్స్ ప్రాక్సీని నిలబెడతారు. ఒక్కో కాపీకి వేరే కాన్ఫిగరేషన్ ఫైలు, లాగ్ డైరెక్టరీ, యూజర్ ఖాతా, డేటాబేస్ ఉండాలి. వీటిలో ఒక్కటి ఉమ్మడిగా మిగిలినా ఒకరి సమాచారం మరొకరి ఖాతాలో తేలే ప్రమాదం ఉంది.

1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం ఈ రంగానికి జరిగిన గొప్ప మేలు. ప్రతి అభ్యర్థనలో సైటు పేరు చెప్పే ‘హోస్ట్’ వరుసను అది తప్పనిసరి చేసింది. అంతకుముందు సాధారణంగా సైటుకొక ఐపీ అడ్రస్ కావాల్సి వచ్చేది. ఇక ఒక్క అడ్రస్‌తో వందల సైట్లు నడపవచ్చు. ఎన్‌క్రిప్షన్ ఉన్న సైట్లకు ఇదే సౌకర్యాన్ని 2003లో ఎస్ఎన్ఐ అనే పొడిగింపు కల్పించింది.

ఫైళ్లతోపాటు ప్రాసెస్‌లను, నెట్‌వర్క్‌నూ విడదీసే ‘జైల్’ సదుపాయం 2000లో ఫ్రీబీఎస్‌డీ 4.0 ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చింది. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ బృందం వర్చువల్ యంత్రాలు నడిపే జెన్ సాఫ్ట్‌వేర్‌ను ప్రకటించింది. 2006 ఆగస్టులో అమెజాన్ సర్వర్లను అద్దెకిచ్చే ఈసీ2 సేవను ప్రయోగాత్మకంగా తెరిచింది జెన్ ఆధారంగానే. 2008 ఆరంభంలో లినక్స్ కెర్నల్‌లో చేరిన సీగ్రూప్స్, ఒక కాపీ మెమరీనీ ప్రాసెసర్‌నూ ఎంతవరకు వాడాలో హద్దు పెట్టింది. 2013 మార్చిలో డాకర్, 2014లో కుబర్నెటిస్ సాఫ్ట్‌వేర్లు రావడంతో పదుల కాపీలు లేపడం, దించడం నిమిషాల పని అయింది.

ఇలాంటి సర్వర్లుండే డేటా సెంటర్ల విషయానికొస్తే, హైదరాబాద్‌లో ఈ రంగపు సంస్థ కంట్రోల్‌ఎస్ 2007లో ఏర్పడింది. తెలంగాణ ప్రభుత్వం 2016లో డేటా సెంటర్ల విధానం తెచ్చింది. అదే ఏడాది అమెజాన్ తన తొలి భారతీయ రీజియన్‌ను (డేటా సెంటర్ల సముదాయాన్ని) ముంబైలో ప్రారంభించింది. రూ.20,761 కోట్ల పెట్టుబడితో అమెజాన్ తెలంగాణకు వస్తున్నట్లు 2020 నవంబరు 6న నాటి ఐటీ మంత్రి కె.తారక రామారావు వెల్లడించారు. 2022 నవంబరు 22న అమెజాన్ హైదరాబాద్ రీజియన్ మొదలైంది. 2023 జనవరిలో పెట్టుబడి లక్ష్యాన్ని 2030 నాటికి రూ.36,300 కోట్లకు పెంచారు. చందనవెల్లితో పాటు ఫ్యాబ్ సిటీ, ఫార్మా సిటీల్లోనూ దాని క్యాంపస్‌లు ఉన్నాయి. 2025 జనవరిలో దావోస్‌లో అమెజాన్‌తో మరో రూ.60,000 కోట్ల పెట్టుబడికి ఒప్పందం కుదిరింది.

హైదరాబాద్ రీజియన్‌లో మూడు అవైలబిలిటీ జోన్లు ఉన్నాయి. ఒక జోన్‌లో కరెంటు పోయినా మిగతావి పనిచేసేలా వీటిని వేరుగా ఉంచారు. అయితే తమ అప్లికేషన్ కాపీలన్నిటినీ ఒకే జోన్‌లో పెట్టుకున్నవారికి ఈ రక్షణ దక్కదు. వాటిని కనీసం రెండు జోన్లకు పంచుకోవాలి.